గోడ అవతలి నెట్టు

మొన్న ఒక ఆదివారం హుజూరాబాద్ దగ్గర మా షడ్డకుడు కట్టుకున్న కొత్త ఇంటికి మొదటిసారి వెళ్ళాను. షడ్డకుడంటే నా భార్య అక్క భర్త. కరీంనగర్‌లో విత్తనాల దుకాణం కొడుక్కి అప్పగించి, మా పక్కన ఉన్న ఇల్లు అమ్మేసి, మక్కజొన్న చేను ఒడ్డున ఇల్లు వేసుకున్నాడు. గేటు తీసి లోపల అడుగుపెట్టానో లేదో, చొక్కా జేబులో ఫోను టింగుమంది. దారిలో సిగ్నల్ లేక ఆగిపోయిన మెసేజీలన్నీ ఒకదాని వెంట ఒకటి దిగడం మొదలుపెట్టాయి. తీసి చూస్తే వైఫై కలిసి ఉంది. ఆ ఇంటి వైఫై. నేను ఎవరినీ పాస్‌వర్డ్ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, ఇంకా ఆ ఇంటి గడప కూడా ఎక్కలేదు. సంగతి అర్థమై నా చెవులు వేడెక్కాయి. నాకు సిగ్గేస్తే మొహం కన్నా ముందు చెవులు ఎర్రబడతాయని నా భార్య అంటుంది. తిరిగి చూస్తే ఆమె నా చెవులవైపే చూస్తోంది.

కరీంనగర్‌లో మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ ఉండేది. ఆ గోడకు వంటింటి దగ్గర ఒక కిటికీ. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ కిటికీలోంచే కూరలు, కరివేపాకు, ఊళ్ళో సంగతులు ఇచ్చిపుచ్చుకునేవారు. మాకు, అంటే మగవాళ్ళకు, అంత రాకపోకలు లేవు. నిజం చెప్పాలంటే దూరం నాదే. ఆయన పెద్దల్లుడు. అత్తగారింట్లో మొదటి విస్తరి ఆయనది, మంచం ఆయనది, కారు ఆయనది. నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పుకునేవాణ్ణి. నన్ను ఎవరూ తక్కువ చేసింది లేదు, కానీ తక్కువ చేస్తారేమోనని ముందే మొహం ముడుచుకుని కూర్చోవడం నాకు పెళ్ళినాటి నుంచీ అలవాటు. రిటైరయ్యాక ఇంటికి నెట్ పెట్టించుకుంటున్నానని తెలిసి ఆయన గోడ మీంచి తొంగిచూసి, "మా దాంట్లనే కలుపుకో తమ్మీ, గోడవతలనే గద, మళ్ల వేరేది ఎందుకు" అన్నాడు. నేను మెడ నిలబెట్టి, "వద్దన్నా, ఎవరిది వాళ్లకుంటెనే మంచిగుంటది" అన్నాను. ఆయన నెట్టు ముట్టనని ఆ రోజు నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను.

ఆ రోజుల్లోనే నాకు లినక్స్ పిచ్చి పట్టింది. నా పాత కంప్యూటర్ మూలుగుతుంటే తోటి లెక్చరర్ ఒకాయన అందులో లినక్స్ వేసి ఇచ్చాడు. ఏ కంపెనీ సొత్తూ కాకుండా, ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో కూర్చుని రాసి, అందరూ వాడుకోండని ఊరికే వదిలేసిన ఆపరేటింగ్ సిస్టమ్ అది. రాజుల కోటల గురించి ముప్పొద్దులా చెప్పి విసిగిన నాకు, కోటగోడల్లేని ఈ వ్యవహారం తెగ నచ్చింది. వచ్చినవాళ్ళకల్లా దాని గురించే చెప్పేవాణ్ణి. చాయ్ తాగడానికి వచ్చినవాళ్ళు సగం కప్పు వదిలి లేచిపోయేవారు. మా షడ్డకుడు ఒక్కడే చివరిదాకా విని, "మంచిగున్నది తమ్మీ" అని ఖాళీ కప్పు కింద పెట్టేవాడు. ఆయన వినడం కూడా నాకు ఆయన గొప్పలాగే కనపడేది.

చిక్కంతా వైఫై దగ్గర వచ్చింది. నెట్టు డబ్బా ముందు గదిలో, కంప్యూటర్ వెనక గదిలో, ఆ గోడ పక్కన. మధ్యలో వైరు లాగితే తట్టుకుని పడతామని నా భార్య ఒప్పుకోలేదు. బజారుకెళ్ళి వైఫై పట్టే చిన్న ముక్క, గోరంతది, కొనుక్కొచ్చి కంప్యూటర్‌కు గుచ్చాను. లినక్స్ దాన్ని గుర్తుపట్టలేదు. ఆ ముక్కకూ కంప్యూటర్‌కూ మధ్య దుబాసీలాంటి డ్రైవర్ ఒకటి వేరే తెచ్చి ఎక్కించాలట. ఫోన్లో చూస్తూ, నల్లటి తెర మీద ఆజ్ఞలు ఒక్కో అక్షరం కొట్టేవాణ్ణి. ఒక చుక్క తప్పితే మళ్ళీ మొదటికి. దీనికి తోడు, మన నెట్టు పేరు పక్కవాళ్ళకు కనపడకుండా దాచుకోవడం క్షేమమని ఎక్కడో చదివి, డబ్బాలోకి వెళ్ళి పేరు దాచేశాను. దాచిన పేరు నా కంప్యూటర్‌కు కూడా కనపడదని ఆ ఉత్సాహంలో తోచలేదు.

వానాకాలమంతా అలా గడిచింది. ఇంట్లో నా పోరు చూసి నవ్వనిది మా అత్త ఒక్కతే. కూతుళ్ళిద్దరి ఇళ్ళూ పక్కపక్కనే కాబట్టి ఆమెకూ మా మామకూ పొద్దుటి చాయ్ అక్కడ, రాత్రి అన్నం మా ఇంట్లో. ఒక్కగానొక్క కొడుకు, నా బామ్మర్ది, మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. ఫోన్లో వేలెడంత మొహం ఆమె కళ్ళకు ఆనేది కాదు. పైగా మా గల్లీలో ఫోన్ సిగ్నల్‌తో మాట్లాడితే బొమ్మ మాటిమాటికీ బిగుసుకుపోయేది. "పెద్ద తెర మీద పోరని మొకం జూపియ్ బిడ్డా, ఫికర్ జేయకు, నీకే అస్తది" అని ఆమె నాకు ధైర్యం చెప్పేది.

ఒక మధ్యాహ్నం విసుగుపుట్టి పడుకుని లేచి చూద్దును కదా, తెర మూలన వైఫై గుర్తు నిండుగా వెలుగుతోంది! పడుకునే ముందు కొట్టిన ఆజ్ఞ ఎలాగో ఫలించిందనుకున్నాను. నా భార్య ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. నేను వినిపించుకునే స్థితిలో లేను. చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి పోయి, గోడ మీంచి మా షడ్డకుణ్ణి పిలిచి మరీ చెప్పాను. "శబాష్ తమ్మీ" అన్నాడు. ఆ శుక్రవారమే అత్త కొడుకుని పెద్ద తెర మీద చూసి, తెరను చేత్తో నిమిరింది. కలిసినదాన్ని కదపకూడదని, ఆ కంప్యూటర్‌లో నెట్టుకు సంబంధించిన ఏ బొత్తామూ ఎవరూ నొక్కొద్దని ఇంట్లో శాసనం చేశాను. నేను కూడా నొక్కలేదు. కలిసింది ఏ పేరుగల నెట్టుకో కూడా చూడలేదు.

ఏడాదిపైన నా దర్జాకు లోటు లేకుండా నడిచింది. పెత్రమాస వచ్చింది. మా దిక్కు ఆ అమావాస్యనాడు, పోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి, అంటే పురోహితుడికి, బియ్యం, కూరగాయలు ఇస్తారు. ఆ మధ్యే మా మామ పోయాడు, ఆయన పోయాక వచ్చిన మొదటి పెత్రమాస అది. కొడుకుకి సెలవు దొరకలేదు. డ్యూటీ ఎక్కేముందు కాసేపు తెర మీదికి వస్తాడని, తండ్రి పేరు, గోత్రం అతని నోటితోనే చెప్పించి బియ్యం ఇప్పిద్దామని, పెద్ద తెర ఉన్నది గనక మా ఇంట్లోనే చేద్దామని అనుకున్నాం. తెర గురించి ఆ మాట అత్త నలుగురిలో అన్నప్పుడు నేను షడ్డకుడి మొహంలోకి చూశాను. అంత అల్పుణ్ణి.

ముందురోజు సాయంత్రం వాళ్ళింట్లో కూర్చున్నాం. ఆయన టీవీలో క్రికెట్ ఆగి ఆగి వస్తోంది. "నెట్టు జర నెమ్మదైంది" అని ఆయన తనలో తాను అనుకున్నాడు. అంతే, నాలోని పండితుడు లేచాడు. "అన్నా, ఎవడో గోడకు ఆనుకొని కూసోని నీ నెట్టు తాగుతున్నడు" అన్నాను. వదిన లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నా భార్య పైట కొసను వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. ఆయన మాత్రం తెర మీంచి చూపు తిప్పకుండా, "పోనియ్ తమ్మీ. మనోళ్లే ఎవలో అయ్యుంటరు" అన్నాడు. "మనోళ్లైతే అడిగి తీసుకోవాలె గద! సిగ్గు శరం లేనోళ్లు" అని, ఆయన వద్దంటున్నా వినకుండా ఆయన ఫోన్ లాక్కుని పాస్‌వర్డ్ మార్చేశాను. ఇంట్లో ఆడవాళ్ళకు కూడా చెప్పొద్దని కొత్తది ఆయన చెవిలో ఊదాను. ఆయన నావైపు కాస్త ఎక్కువసేపే చూశాడు.

తెల్లవారి మా ఇంట్లో నెట్టు లేదు.

వాకిట్లో ఆ సాయంత్రం బతుకమ్మకు తెచ్చిన గునుగుపూలు, తంగేడుపూలు కుప్పపోసి ఉన్నాయి. అయ్యగారు వచ్చి పీట మీద కూర్చున్నారు. తాంబాళంలో బియ్యం, బీరకాయలు, చింతపండు సర్దిపెట్టి ఉన్నాయి. అత్త కొత్త చీర కట్టుకుని చీకటి తెర ముందు కూర్చుంది. నేను నల్లటి తెరలో ఆజ్ఞల మీద ఆజ్ఞలు కొడుతూ, రాత్రికి రాత్రి డ్రైవర్ చెడిపోయిందని అందరికీ వివరిస్తున్నాను. చెమట కళ్ళలోకి దిగుతోంది. "పోరడు డ్యూటీకి పోతడేమో బిడ్డా" అని అత్త మెల్లగా అంది. ఫోన్లో ప్రయత్నిస్తే బామ్మర్ది సగం నోరు తెరిచి బిగుసుకుపోయాడు.

"ఇగ లేవుండ్రి" అంది నా భార్య. "అండ్ల ఏం చెడిపోలే. అది మన నెట్టు గాదు. మొదటిసంది అక్కోళ్లదే." అని, కిటికీ దగ్గరికి వెళ్ళి, "అక్కా, బావను జల్ది రమ్మను" అని పిలిచింది.

నేను లేవలేదు. ఆయన వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. "అన్నా, ఇది..." అన్నాను. "గవన్నీ ఎనుక మాట్లాడుకుందం. పోరడు ఎదురుచూస్తుండు. నువ్వు చెవుల చెప్పిందాన్ని ఇండ్ల ఎట్ల కొట్టాలెనో నాకు రాదు. నువ్వే కొట్టు" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేదనిపించింది.

వైఫై జాబితా తెరిచాను. ఆయన పేరే, నిండు గుర్తుతో. కొట్టాను. ఒక అక్షరం తప్పుపోయింది. మళ్ళీ తప్పకూడదని అక్షరాలు కనపడే గడిలో టిక్కు పెట్టి, ఒక్కొక్కటే కొట్టాను. అప్పటికి మా వదిన కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. తెర మీద పెద్దపెద్ద ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుని, "దొంగలు... రావద్దు" అని పైకే చదివేసి, నాలుక కరుచుకుంది. ఎవరూ నవ్వలేదు. నా చెవుల్లో మంట తప్ప ఆ గదిలో ఇంకేమీ లేదనిపించింది. నేను పెట్టిన తాళం నా చేత్తోనే, నా ఇంట్లోనే, అందరి ముందూ తీసుకున్నాను.

నెట్టు కలిసింది. బామ్మర్ది హెల్మెట్ చేతిలో పట్టుకుని కనపడ్డాడు. "అవ్వా" అని తల్లిని పిలిచాడు. అయ్యగారు చెప్పించినట్టు తండ్రి పేరు, గోత్రం చెప్పాడు. అత్త అతని పేరున దోసిలితో బియ్యం వదులుతూ తెరనే చూసింది. అందరూ ఏడ్చారు. నేను కూడా ఏడ్చాను, కానీ నా ఏడుపు మామ కోసం కాదని మా షడ్డకుడికి తెలుసు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

తర్వాత నా భార్య చెప్పింది. ఆ మధ్యాహ్నం నేను నిద్రపోతుంటే, తెర మీద అక్క ఇంటి నెట్టు పేరు కనపడిందట. డ్రైవర్ నేను సరిగానే ఎక్కించాను. దాచిపెట్టిన నా నెట్టే దానికి కనపడలేదు. అవ్వ కొడుకును చూసుకుంటుంది కదా అని అక్క ఎప్పుడో చెప్పిన పాత పాస్‌వర్డ్ ఆమె కొట్టింది. లేచాక చెప్పాలనుకుంది. "మీరు ఉరికినప్పటి మొకం జూసి చెప్ప బుద్ధి గాలే" అంది. అక్కాబావలకు ఆ రోజే చెప్పేసింది. అత్తకూ తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. బిల్లు మాత్రం తప్పకుండా కట్టుకుంటూ, ముందు గదిలో పేరు దాచుకున్న డబ్బా ఎవరికీ పనికిరాకుండా వెలిగి ఆరుతూ ఉండేది. పేరు దాచిన టిక్కు తీసేస్తే అదీ ఆ వారమే కలిసింది.

పెత్రమాస నాటి సాయంత్రమే ఆయన నా ఫోన్ అడిగి తీసుకుని, నాచేత అక్షరాలు చెప్పించుకుని, ఆ పాస్‌వర్డ్ అందులో తనే కొట్టాడు. "ఇంటికచ్చినప్పుడు అక్కరకస్తది" అన్నాడు. దాన్ని మార్చమని నోటిదాకా వచ్చి అనలేకపోయాను. ఆయనా మార్చలేదు. మందమర్రి నుంచి చుట్టాలొచ్చి పాస్‌వర్డ్ అడిగితే, "దొంగలు రావద్దు. మా తమ్మి పెట్టిండు" అని పైకే చెప్పేవాడు. వాళ్ళు బాగుందని నన్ను మెచ్చుకునేవారు. అసలు కథ మాత్రం ఆయన నోట ఎవరికీ చేరలేదు. తప్పైంది అన్నా అని ఒక్క మాట నేనూ అనలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ ఉండగానే ఆయన ఇల్లమ్మి వెళ్ళిపోయాడు.

మొన్న భోజనాలయ్యాక, వరండాలో వక్కపలుకు నములుతున్న ఆయన పక్కన కూర్చుని అడిగాను. "అన్నా, కొత్త ఇల్లు, కొత్త డబ్బా. నా ఫోన్ ఎట్ల కలిసింది?"

ఆయన చేనువైపు చూస్తూ చెప్పాడు. "బిగించేటోడు పేరేం పెట్టాలె, పాస్‌వర్డ్ ఏం పెట్టాలె అని అడిగిండు. రెండూ పాతయే పెట్టుమన్న. ఎప్పుడన్న నువ్వస్తవ్ గద తమ్మీ. మళ్ల అడగాలంటే నీకు తండ్లాట."

అప్పుడైనా తప్పైంది అన్నా అనే ఆ మాట అనవలసింది. గొంతులో వక్క అడ్డం పడినట్టు దగ్గాను. ఆయన మంచినీళ్ళు అందించాడు. ఒక్క మాట నోటిదాకా రావడానికి నాకు ఇన్నేళ్ళు చాలలేదు. ఆ గేటు దగ్గర నా ఫోను కలవడానికి మాత్రం క్షణం కూడా పట్టలేదు.