కరెంటు ఫ్యాను బిగించింది ఎవరు

మా బాపు బస్సు డిపోలో ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరయ్యాక చాంద్రాయణగుట్టలో, ఫ్లై ఓవర్ దిగే వైపు ఒక సందులో, బండ్ల వైరింగు షాపు పెట్టాడు. ఒకే షట్టరు. లోపల ఒక బల్ల, బ్యాటరీ చార్జరు, గోడకు వేలాడే వైరు కట్టలు. పనంతా రోడ్డు మీదే, బండి నిలబడ్డ చోటే. ఆ షాపు అన్న కోసమేనని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ అన్నకు బండ్లు నడపడం ఇష్టం, మాట్లాడటం ఇంకా ఇష్టం, బానెట్ కింద చెయ్యి పెట్టడం మాత్రం ఇష్టం లేదు. నేను ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివాను. అందుకని వచ్చినవాళ్లతో మాట్లాడేది అన్న, పని చేసేది నేను, చేసింది సరిచూసేది బాపు. పెళ్లయ్యాక కూడా మానలేదు. మా ఆయన ఆస్పత్రిలో వార్డు డ్యూటీకి పోతే నేను పాపను అమ్మ దగ్గర దింపి షాపుకు వచ్చేదాన్ని.

రెండు వైర్లు కలపడం నాకు బాపే నేర్పాడు. మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తే ఆయనకు కోపం వచ్చేది. "బండి ఊగుతది బిడ్డా, మెలి ఊడుతది. టంకం పెట్టు, పైన తొడుగెయ్యి" అనేవాడు. అన్నకూ అదే చెప్పేవాడు. అన్న తలూపేవాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఒక పెద్దాయన తన చిన్న లారీ తెచ్చి షాపు ముందు ఆపాడు. చార్మినార్ చుట్టుపక్కల బట్టల దుకాణాలకు గోదాం నుంచి బట్టల బేళ్లు మోసే బండి అది, నాకంటే వయసులో పెద్దది. ఆయన్ను మేమంతా చాచా అనేవాళ్లం.

"రేడియేటర్ సాఫ్ చేయించిన, వాటర్ పంపు మార్పించిన. ఇంకేం చెయ్యాలె ఉస్తాద్?" అన్నాడు బాపుతో. "లాడ్ బజార్ కాడ జర ఆగితే చాలు, పొగలు లేస్తున్నయ్. ఎనకున్న ఆటోలోళ్లు తిట్టని తిట్టు లేదు."

"ఇంజన్ దించుడే చాచా, వేరే దారి లేదు" అన్నాడు అన్న.

నేను అడిగాను, "పెద్ద రోడ్డు మీద గూడ గరమైతదా చాచా?"

"లేదు బేటీ. గల్లీలల్లనే."

అంటే ఇంజను తప్పు కాదు, గాలి తప్పు. అలాంటి పాత బండ్లలో రేడియేటర్ ఫ్యానును ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. ఖాళీ రోడ్డు మీద గాలి దానంతటదే తగులుతుంటే, అవసరం లేకున్నా ఫ్యాను గిర్రున తిరుగుతుంది. గల్లీలో బండి నిలబడి, నిజంగా గాలి కావలసినప్పుడు, ఇంజనుతో పాటు ఫ్యానూ నెమ్మదిస్తుంది. దాన్ని తీసేసి, బ్యాటరీతో నడిచే ఫ్యాను పెడితే వేడెక్కినప్పుడే తిరుగుతుంది, తిరిగినప్పుడు గట్టిగా తిరుగుతుంది. ఆ మాటే చెప్పాను.

"లారీకి కారు ఫ్యానేంది? నవ్వుతరు" అన్నాడు అన్న.

బాపు కాసేపు ఆ పాత ఫ్యాను రెక్కల్ని వేలితో తోస్తూ నిలబడ్డాడు. తర్వాత, "చెయ్యనియ్ రా" అన్నాడు.

స్క్రాపు దుకాణాలు తిరిగి కారు ఫ్యాన్లు రెండు ఏరుకొచ్చాను. పట్టీ ఇనుముతో చట్రం చేయించి రేడియేటర్ వెనక బిగించాను. చుట్టూ రేకు కట్టాను, లేకపోతే గాలి పక్కల నుంచి జారిపోతుంది. పాత డైనమో ఆ ఫ్యాన్లను మోయలేదు కాబట్టి పెద్దది వేశాం. బ్యాటరీ నుంచి ఫ్యాన్లకు లావు వైరు, మధ్యలో ఫ్యూజు, లావు కరెంటును తెరిచి మూసే రిలే. నీళ్లు వేడెక్కితే రిలేను కదిలించే చిన్న స్విచ్చు ఒకటి రేడియేటర్ కింద. మొదటిసారి కనెక్షను ఇచ్చి ముందు వైపు ఒక పేపరు ముక్క పెడితే అది ఎగిరి నా మొహాన పడింది. ప్లస్సూ మైనస్సూ తారుమారుగా ఇచ్చానన్నమాట, ఫ్యాన్లు గాలిని లోపలికి లాగకుండా బయటికి తోస్తున్నాయి. అన్న పగలబడి నవ్వాడు. వైర్లు మార్చాక పేపరు రేడియేటర్‌కు అతుక్కుని అక్కడే ఉండిపోయింది.

మర్నాడు బేళ్లు నింపుకున్న బండిలో చాచా పక్కన కూర్చుని నేనూ వెళ్లాను. లాడ్ బజార్ దగ్గర ఎప్పటిలాగే ఆగిపోయాం. ముందు తోపుడు బండి, పక్కన స్కూటీలు, వెనక ఆటోల హారన్లు. వేడి చూపించే ముల్లు లేస్తోంది. టక్కుమని రిలే పడింది, ముందు నుంచి ఫ్యాన్ల హోరు. చాచా స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ఆ ముల్లునే చూస్తున్నాడు.

"ఆగింది" అన్నాడు. కాసేపటికి, "దిగుతున్నది బేటీ" అన్నాడు.

ఆయన ఊరుకోలేదు, లారీలు ఆగే అడ్డా మీద అందరికీ చెప్పాడు. ఒకటీ రెండూ కాదు, ఆ ఏడాదంతా పాత లారీలు మా సందులోకి వస్తూనే ఉన్నాయి. అప్పుడు అన్న షట్టరు పైన కొత్త ఫ్లెక్సీ కట్టించాడు. 'లారీలకు కరెంటు ఫ్యాన్ స్పెషలిస్ట్' అని పెద్ద అక్షరాలు, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ అన్న ఫోటో.

"నా పేరు ఏడున్నదన్నా?" అన్నాను.

"ఆడపిల్ల చేసిందంటే లారీలోళ్లు బండి ఇస్తరా? జర సమజ్ చేసుకో."

బాపు వైపు చూశాను. "పేరుదేముంది బిడ్డా, పని మనదే గదా" అన్నాడు. ఆ 'మన'లో నేనూ ఉన్నాననుకున్నాను.

తర్వాతి వానాకాలంలో పాపకు డెంగీ వచ్చింది. నేను ఆస్పత్రిలోనే ఉండిపోయాను, షాపు మొహం చూడలేదు. అదే సమయంలో కంకర తోలే లారీ ఒకటి వచ్చింది. ఓనరుకు తొందర. ఇన్ని బండ్లు కళ్లముందు అయ్యాయి కదా, ఇందులో ఏముందిలే అనుకుని అన్నే పనికి దిగాడు. బాపు అప్పుడు ఇంటికీ ఆస్పత్రికీ తిరుగుతున్నాడు. అన్న రిలే వెయ్యలేదు. ఫ్యాన్ల కరెంటంతా సన్న వైరులో క్యాబిన్ స్విచ్చు గుండా పంపాడు. ఫ్యూజు కూడా లేదు.

పాప కోలుకుని ఇంటికొచ్చాక నేను షాపుకు వెళ్లిన మొదటి రోజే సందు మొదట్లో జనం కనిపించారు. ఆ లారీ ఓనరు అరుస్తున్నాడు. పక్కన అతని డ్రైవరు, కుడి చేతికి వేళ్ల దాకా కట్టు. బండి ఫ్లై ఓవర్ ఎక్కుతుంటే వైరు అంటుకుందట. మంట పైకి రాకముందే డ్రైవరు ఒట్టి చేత్తో పట్టుకుని పీకేశాడట.

నేను జనాన్ని తోసుకుని ముందుకు వచ్చేసరికి అన్న గొంతు వినిపించింది. "నేను గాదు భాయ్. మా చెల్లె చేసింది. నేనెంత చెప్పినా ఇనదు. గాలి రావాలె అంటది, గంతే."

"నేను షాపుకే రాలేదు గదన్నా" అన్నాను.

"ఎవలు చేస్తే ఏంది, షాపు మీదే గదా" అన్నాడు ఓనరు. డ్రైవరు కట్టు కట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

బాపు వంగి ఆ కాలిన వైరు ముక్క తీసుకున్నాడు. నల్లబడ్డ టేపును గోటితో ఒలిచాడు. లోపల టంకం లేదు, ఉత్త మెలి. ఆ జాయింటు ఎవరు వేశారో ఆయనకు చీకట్లో తడిమినా తెలుస్తుంది. తలెత్తి నన్ను చూశాడు, తర్వాత అన్నను చూశాడు. ఆ కాసేపట్లో నాకు ధైర్యం వచ్చింది. బాపు చూశాడు, ఇంక భయం లేదనుకున్నాను.

"పిల్ల తెల్వక చేసింది సేటూ" అన్నాడు ఓనరుతో. "బండి తోలియ్యి. నేనే మళ్ల చేసిస్త. డ్రైవర్ దవాఖాన గూడ మేమే చూస్తం."

ఆ సాయంత్రం అమ్మ వంటింట్లో ఉండగా అడిగాను. "జాయింట్ చూసినవ్ గద బాపు. నాది గాదని తెల్వదా?"

"తెలుసు."

"మరి?"

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "వాడు షాపు నడపాలె బిడ్డా. వాని మీదికొస్తే షాపు మునుగుతది. నీకేంది, ఇల్లుంది, మొగుడున్నడు."

"ఆ డ్రైవర్ నన్ను చూసిన చూపు నువ్వు చూసినవా?"

ఆయన అన్నం పెట్టమని అమ్మను కేకేశాడు.

మర్నాడు అన్న, కొన్నాళ్లు రాకు, లొల్లి సల్లారనియ్ అన్నాడు. నా టంకం మిషను, నా కటింగు ప్లేయరు తీసుకుని వచ్చేశాను. ఎవరూ ఆపలేదు. ఆ లొల్లి ఎప్పుడు చల్లారిందో నాకెవరూ చెప్పనూ లేదు.

ఇప్పుడు బ్యాటరీ ఆటోలు బాగుచేసే ఒక సర్వీసు సెంటర్లో పని చేస్తున్నాను. ఒకసారి చాచా వెతుక్కుంటూ వచ్చాడు. ఫ్యానులో బేరింగు అరిగి చప్పుడు చేస్తుంటే మార్చిచ్చాను. పోయేముందు అన్నాడు, "గా చెయ్యి కాలినోడు అడ్డా మీద ఇంకా నిన్నే అంటడు. ఆ బేటీ గట్ల చెయ్యదని చెప్పిన. నమ్మలే."

బాపు పాప పుట్టినరోజుకు మా ఇంటికి వచ్చాడు. మటన్ బాగుందన్నాడు. నీళ్ల మోటారు చప్పుడు వేరేగా వస్తోందని, లేచి వెళ్లి చెయ్యి పెట్టి చూశాడు. మా ఆయన డ్యూటీ గురించి అడిగాడు. చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగితే, ఆ లారీ సంగతి ఇప్పుడైనా అంటాడేమోనని నిలబడ్డాను. "మోటారుకు కెపాసిటర్ మార్చు" అని మెట్లు దిగిపోయాడు.

పనికి పోవాలంటే నాకు ఆ సందు ముందు నుంచే దారి. నన్ను చూస్తే అన్న ఏమీ జరగనట్టు చెయ్యి ఎత్తుతాడు. నేనూ ఎత్తుతాను. ఎత్తకపోతే ఆ సంగతి అమ్మ దాకా పోతుంది, అమ్మ నాకే ఫోను చేసి ఏడుస్తుంది.