షేర్వానీ వేసుకున్న శిష్యుడు

ఉర్దూ సర్కారు పోయి తెలుగు సర్కారు వచ్చిన ఆ రోజుల్లో హైదరాబాదులో చదువొచ్చినవాళ్ళెవరు, రానివాళ్ళెవరు అన్నది ఉన్నట్టుండి తారుమారైంది. నిన్నటిదాకా ఉర్దూ కాగితాలు గడగడా చదివిన పెద్దమనుషులు, ఒకటో తరగతి తెలుగు వాచకం ముందు పెడితే తెల్లమొహం వేసేవారు. నాబోటి పిల్లకాకులు మాత్రం అబిడ్స్‌లో దుకాణాల బోర్డులన్నీ పైకి చదువుకుంటూ, ఆ రోడ్డు మా తాత జాగీరన్నట్టు తిరిగేవాళ్ళం. నాకప్పుడు పదమూడేళ్ళు. తెలుగు బడిలో ఎనిమిదో తరగతి. కందిపప్పు పొట్లం కట్టిన కాగితాన్ని కూడా వదలకుండా చదివేదాన్ని. (పొయ్యి మీద పప్పు మాడినా సరే. చదువుకున్నవాళ్ళకు అమ్మ తిట్లు తప్పవనుకునేదాన్ని.)

మా బాపు ఒక సర్కారీ దఫ్తరులో పెద్ద గుమాస్తా. ఇంట్లో మాట తెలుగే గానీ రాత మాత్రం ఉర్దూ. ఆయన దస్తూరీ అచ్చు వేసినట్టుంటుందని నాంపల్లిలో మా గల్లీ అంతా చెప్పుకునేది. కోర్టు కాగితం వచ్చినా, పెళ్ళి పిలుపు వచ్చినా చదివించుకోవడానికి మా అరుగు మీదికే తెచ్చేవారు. అలాంటి మనిషికి సర్కారు మారాక పిడుగులాంటి కబురు వచ్చింది. తెలుగు చదవడం, రాయడంలో పరీక్ష పాసు కావాలి, లేకపోతే కుర్చీ వదలాలి. ఇరవై ఏళ్ళుగా కూర్చున్న కుర్చీ అది. రెండు రోజులు బాపు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు నన్ను పిలిచి, "బిడ్డా, నాకు తెలుగు నేర్పుతవా? బయటోళ్ళ దగ్గరికి పోవాల్నంటే సిగ్గయితుంది" అన్నాడు.

ఇద్దరం అబిడ్స్‌కు నడిచి వెళ్ళాం. దుకాణంలో బాపు పలక, బలపాలు, అక్షరాల పుస్తకం అడిగి, గొంతు తగ్గించి, "మా బిడ్డకే" అన్నాడు. దుకాణదారు నా ఎత్తు చూశాడు, నా రెండు జడలు చూశాడు, పలక చూశాడు. "ఫికర్ చెయ్యకమ్మా, కొందరికి జర ఆలస్యంగనే వస్తది" అని నాకొక బలపం ఎక్కువ ఇచ్చాడు. నేను నోరు తెరవబోతే బాపు నా చెయ్యి నొక్కాడు. తరగతిలో ఫస్టు వచ్చే పిల్లను ఆ పూట మొద్దు అనిపించుకుని ఇంటికి వచ్చాను. దారంతా బాపుకు పది అడుగుల ముందే నడిచాను.

పాఠం సాయంత్రాలు. బాపు దఫ్తరు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, షేర్వానీ విప్పకపోగా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని చాప మీద కూర్చునేవాడు. "ఇంట్ల గిదేం సోకు?" అని అమ్మ నవ్వితే, "ఉస్తాదు ముందర ఎట్ల పడితే అట్ల కూసోవద్దే" అనేవాడు. నన్ను "పంతులమ్మా" అని పిలిచేవాడు. ఇంకేం, నాకు కళ్ళు నెత్తికెక్కాయి. మా బడి టీచరమ్మ కేకలు, చిరాకు, బెత్తం (మా ఇంట్లో అది గరిటె) అన్నీ తెచ్చి ఆయన మీద ప్రయోగించాను. ఎంత అరిచినా బాపు చెయ్యి ఉర్దూ రాసినట్టే పలక కుడి కొసకే వెళ్ళేది. "ఏం చెయ్యాలె బిడ్డా, నలభై ఏండ్ల ఆదత్. చెయ్యి గటుదిక్కే గుంజుతది" అని నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. ఆయన కుర్చీ పోతుందన్న భయం కంటే, నా శిష్యుడు మొద్దు అన్న నామోషీయే నాకు ఎక్కువగా ఉండేది.

పరీక్ష నెల రోజులు ఉందనగా, బాపు చేతికింద పనిచేసే కుర్ర గుమాస్తా ఏదో ఫైలు పట్టుకుని ఇంటికి వచ్చాడు. అతనూ అదే పరీక్షకు కూర్చుంటున్నాడు. చాప మీద పలక చూసి, "ఎంతదాంక వచ్చింది సార్?" అని మర్యాదగానే అడిగాడు. బాపు నోరు విప్పేలోపు నేనే అందుకున్నాను.

"ఇంక గుణింతమే రాలే. కావాల్నంటే చూడున్రి. లే బాపూ, నిలబడి చెప్పు!"

బాపు నా వంక చూశాడు. లేచి నిలబడ్డాడు. షేర్వానీ సర్దుకుని, చేతులు కట్టుకుని, క, కా, కి, కీ అని మొదలుపెట్టి సగంలో ఆగిపోయాడు. కుర్ర గుమాస్తా తల దించుకుని ఫైలు తాడు విప్పుతూ, మళ్ళీ కడుతూ ఉండిపోయాడు. నేను మాత్రం గరిటె ఊపుతూ "చూసిన్రా?" అన్నాను.

మర్నాడు బాపు ఇంటికి రాగానే షేర్వానీ విప్పి మేకుకు తగిలించాడు. "ఇయ్యాల తలకాయ నొస్తుంది పంతులమ్మా" అన్నాడు. ఆ తలనొప్పి పరీక్ష దాకా తగ్గలేదు. నేను నాలుగు రోజులు గునిసి, అయిదో రోజు నుంచి హాయిగా ఆడుకోవడానికి పోయాను. బాపు పరీక్ష తప్పాడు. కుర్ర గుమాస్తా పాసై ఆ కుర్చీలో కూర్చున్నాడు. బాపును పాత ఉర్దూ కాగితాల మూటలుండే వెనక గదిలోకి పంపారు. అమ్మ నన్ను తిట్టబోతే, "పంతులమ్మనేం అనకు. ఆమె మంచిగనే నేర్పింది, నాకే రాలే" అన్నాడు. ఆయన కూడా నాలుగు తిట్టి ఉంటే నాకు బాగుండేది.

అయిదేళ్ళ తర్వాత నన్ను టీచరు ట్రైనింగుకు ఇంటర్వ్యూకి పిలిచారు. బాపు తోడు వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ఒక పెద్దాయన, "ఇదివరకు ఎవరికైనా చదువు చెప్పావా అమ్మా?" అని అడిగారు. "లేదండీ" అన్నాను. తిరిగి వస్తుంటే బాపు ఏమేం అడిగారో ఒక్కొక్కటీ చెప్పించుకున్నాడు. ఇదీ చెప్పాను. అబిడ్స్ పోస్టాఫీసు దాకా వచ్చాం. అక్కడ బాపు ఆగాడు.

"లేదని ఎందుకన్నవ్ బిడ్డా? నాకు చెప్పినవ్ గద."

"నువ్వు ఫేలైనవ్ గద బాపూ."

"అయితేంది? ఫేలైనోడు శిష్యుడు గాడా?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నడిబజారులో ఏడవడానికి నామోషీ అడ్డొచ్చి, "జర జల్ది నడువు బాపూ, ఎండ కొడుతుంది" అని ముందుకు నడిచాను. తర్వాత ముప్ఫై ఏళ్ళు గొంతు పోయేలా పాఠాలు చెప్పాను. కొత్త చీర కుచ్చిళ్ళు పట్టుకుని తలెగరేసి పోయిన ఆ పద్దెనిమిదేళ్ళ పంతులమ్మను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ పూట వెనక్కి తిరిగి "ఔ బాపూ, శిష్యుడే" అని ఒక్క మాట అని ఉంటే, దాని నోటి ముత్యాలేమైనా రాలిపోయేవా?