పసుపు విమానానికి ఐదు అక్షరాలు

రామచంద్రపురంలో మా క్లినిక్‌కి వచ్చినవాళ్ళు ముందుగా చూసేది నన్ను కాదు, ముందు గదిలోని అద్దాల బీరువాని. పళ్ళ డాక్టరు దగ్గర అలాంటి బీరువాలో ప్లాస్టరు దవడలో, టూత్‌పేస్టు డబ్బాలో ఉండాలి. నా బీరువాలో విమానాలుంటాయి. అన్నీ చిన్న రకాలే. ఒక ఇంజను, ఒకటో రెండో సీట్లు, జానెడు రెక్కలు. పెట్టెలో విడి ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్‌ని అరగదీసి, అతికించి, రంగులేసి నేను తయారు చేసుకున్నవి.

ఈ పిచ్చి నాకు కాలేజీలో అంటుకుంది. మొదటి సంవత్సరం మైనపు దిమ్మలిచ్చి పళ్ళు చెక్కమనేవారు. నా స్నేహితురాళ్ళు తిట్టుకుంటూ చెక్కేవారు. మా సార్లు మార్కులు వేసేశాక కూడా నేను చెక్కుతూ కూర్చునేదాన్ని. తర్వాత హాస్టల్లో ఎవరో వదిలేసి వెళ్ళిన విమానం పెట్టె ఒకటి దొరికింది. ఇక అంతే. యుద్ధ విమానాల మీద నాకు మొదటినుంచీ మనసు లేదు. పొలాల మీద మందు చల్లేవి, ఉత్తరాలు మోసేవి, విమానం నడపడం నేర్పేవి, ఇలా ఏదో ఒక పని చేసుకు బతికే విమానాలంటేనే ఇష్టం.

"పిల్లల కోసమా అండి?" అని అడుగుతారు వచ్చినవాళ్ళు. మొదట్లో ఏదో సంజాయిషీ చెప్పేదాన్ని. ఇప్పుడు "కాదండి, నా కోసమే" అనేసి నోరు తెరవమంటున్నాను.

ఈ పనిలో అసలు కష్టం అతికించడంలో లేదు, వెతకడంలో ఉంది. పెట్టెలో ముక్కలతో ఆకారం వస్తుంది గానీ ప్రాణం రాదు. సీటు బెల్టు బకిల్, రెక్క కింద గొట్టాలు, రెక్కల మీద అక్షరాలు, అన్నీ విడిగా సంపాదించుకోవాలి. అక్షరాలకి వాడేదాన్ని డెకాల్ అంటారు. మా చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో ఒక బొమ్మ కాగితం వచ్చేది. తడిపి చేతికి అద్దుకుంటే బొమ్మ దిగేది. దానికి అన్నగారనుకోండి. నీళ్ళలో వేస్తే ఉల్లిపొర కన్నా పలచటి పొర ఒకటి కాగితం మీంచి జారుతుంది. దాన్ని కుంచెతో విమానం మీదికి తోసి సర్దాలి. పేరున్న యుద్ధ విమానాలకైతే ఇవి ఎక్కడెక్కడో తయారుచేసి అమ్ముతారు. పొలాల్లో మందు కొట్టే విమానానికి ఎవరు చేస్తారు?

సరిగ్గా అలాంటి విమానమే ఒకటి రెండేళ్ళ కిందట ఆన్‌లైన్‌లో దొరికింది. ఎక్కడో గోడౌన్లో ఏళ్ళ తరబడి పడున్న పెట్టె. ఒంటి సీటు, సీటు ముందు మందు పోసే పెద్ద తొట్టి, పొట్టి ముక్కు. చూడగానే ముచ్చటేసింది. పసుపు రంగు వేసి, తీరా డెకాల్ నీళ్ళలో వేస్తే అది నూనెలో పడ్డ అప్పడంలా ముడుచుకుని వంద ముక్కలైంది. అవి ఏదో పరాయి దేశపు అక్షరాలే కాబట్టి పెద్దగా ఏడవలేదు. ఏ అక్షరాలూ లేకుండానే బీరువాలో కింది అరలో పెట్టేశాను.

పోయినేడు వానాకాలంలో ఒక పెద్దాయన కట్టుడు పళ్ళ కోసం వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. కాలవ అవతల ఊళ్ళో రెండెకరాలు చేసుకుంటాడు. కూడా భార్య వచ్చింది. వంతు వచ్చి పిలిస్తే ఆయన కదలలేదు. బీరువా ముందు గొంతుక్కూర్చుని కింది అరలోకి చూస్తున్నాడు.

"డాక్టరమ్మగారూ, ఇది మా విమానమేనండి," అన్నాడు.

"మీ విమానమా?"

"ఆయ్. దోమపోటొచ్చి చేలన్నీ మాడిపోయిన ఏడు వచ్చిందండి. మందు కొట్టడానికి. నేను జెండా పట్టుకున్నాను."

నేను పుట్టకముందు మాట అది. చేను ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు వెదురుగడకి తెల్లగుడ్డ కట్టి నిలబడేవారట. విమానం ఆ రెండు జెండాల మీదుగా తిన్నగా మందు కొట్టుకుంటూ పోయేది. అది దాటగానే వీళ్ళు ఇరవై అంగలు పక్కకి జరగాలి. మళ్ళీ వచ్చేది.

"మందు మీ మీద పడేది కాదా?"

"ఎందుకు పడదండీ! తడిసిపోయేవాళ్ళం. మూతికి తువ్వాలు చుట్టుకోమనేవారు. సాయంత్రం కాలవలో మునిగి ఇంటికెళ్ళేవాళ్ళం. ఆ కాలవలోనే చేపలు తేలేవి." ఆయన మళ్ళీ విమానం వంక చూశాడు. "అయినా దాన్ని చూస్తే ఆ కుర్రతనంలో అదంతా గుర్తుండేది కాదండి. అది సరేగానీ, దీనికి పేరు లేదేంటి? రెక్క కింద ఈ చివర్నించి ఆ చివరికి అక్షరాలుండేవి కదండీ."

ఇన్నాళ్ళూ ఫొటోల కోసం ఇంటర్నెట్ అంతా గాలించాను. మా గోదావరి జిల్లాల మీద ఎగిరిన మందు విమానం ఒక్కటీ దొరకలేదు. ఇప్పుడు దాని కింద నిలబడ్డ మనిషే వచ్చి నా ముందు గదిలో గొంతుక్కూర్చున్నాడు.

"ఏ అక్షరాలో గుర్తున్నాయా?"

"నాకు ఇంగ్లీషు రాదమ్మా. కానీ అవి వచ్చు." అపాయింట్‌మెంట్ కార్డు వెనక్కి తిప్పి, నా పెన్నుతో మెల్లగా గీశాడు. "ఇది పంగలకర్ర. ఇది గుంజ మీద అడ్డకర్ర. ఓ చిన్న గీత. ఇది మూడు పళ్ళ దువ్వెన." నాలుగో అక్షరం కూడా తడుముకోకుండా వేశాడు. "ఆఖర్న సున్నా."

"సున్నా కాదు," అంది భార్య. "దానికి తోకుంది."

"నీకేం తెలుసే? జెండా పట్టుకున్నది నేను."

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దవడ అచ్చు తీయడానికి ముద్ద కలిపి ట్రేతో సహా నోట్లో పెట్టాను. అది గట్టిపడేదాకా మాట్లాడకూడదు. ఆవిడకి అంతకన్నా మంచి సమయం దొరకదు.

"ఇప్పుడు చెప్తాను వినండమ్మా. మాకు అప్పటికి పెళ్ళయి ఆర్నెల్లు. మందు కొడుతున్నారు, చేలోకి రావద్దు అన్నారీయన. క్యారేజీ ఎవరు తెస్తారు మరి? నేనే వెళ్ళేదాన్ని. విమానం వచ్చిందంటే భయమేసి గట్టు మీద వెల్లకిలా పడుకుని చూసేదాన్ని. నెత్తి మీంచి, ఇదిగో ఈ ఫ్యాను కన్నా కాస్త పైనుంచి పోయేదనుకోండి. ఈయనగారేమో విమానం వస్తోందంటే తలొంచుకుని అంగలు లెక్కేసుకుంటూ పరిగెత్తేవారు. ఈయనేం చూశారు? తోక నేను చూశాను. పిల్లి పడుకున్నప్పుడు బయటికి పెడుతుందే, అలాగ."

ఆయన "ఊఁ ఊఁ" అంటూ చేత్తో గాల్లో గుండ్రంగా చుట్టి, తోక లేదన్నట్టు అడ్డంగా ఊపాడు. ఆ ఊపుకి ట్రే కదిలి అచ్చు పాడయింది. మళ్ళీ ముద్ద కలిపాను. రెండోసారి ఆవిడని బయట కూర్చోమన్నాను.

వెళ్ళేముందు ఆయన ఇంకో రెండు తప్పులు చెప్పాడు. పొట్ట కింద గాలికి తిరిగే చిన్న ఫ్యాను ఉండాలి, మందుని గొట్టాల్లోకి తోసేది అదే. రెక్క వెనకంచు పొడుగునా గొట్టం, దానికి వరసగా మందు చిమ్మే నాజిళ్ళు ఉండాలి. రెండూ నా విమానానికి లేవు.

అలాంటి విడిభాగాలు ఎవరైనా అమ్ముతారేమోనని మళ్ళీ వెతికాను. ఎవరూ అమ్మరు. చివరికి నా పని బల్ల మీదే దొరికాయి. ఎత్తుపళ్ళకి క్లిప్పు వేసే సన్నని తీగ గొట్టమైంది. పన్నుకి సిమెంటు నింపేటప్పుడు చుట్టూ బిగించే పలచటి స్టీలు పట్టీని కత్తిరించి మెలిపెడితే ఫ్యాను రెక్కలయ్యాయి. వాడకుండానే గడువు దాటిపోయిన సూదుల కొసలు తుంచి నాజిళ్ళు చేశాను. భూతద్దం కింద ఒక్కోదాన్నీ పట్టకారుతో పట్టి అతికిస్తూ మూడు ఆదివారాలు గడిపాను. నాలుగు నాజిళ్ళు ఎగిరి నేల మీద పడి మళ్ళీ కనిపించలేదు.

ఆఖరి అక్షరం 'ఓ' నా, 'క్యూ' నా అన్నది మాత్రం తేలలేదు. ఆయన ఫోన్ చేసి, "మా పశువులపాక తలుపు మీద తారుతో రాసుకున్నానమ్మా ఆ రోజుల్లో. వచ్చి చూడండి, సున్నాయే ఉంటుంది," అన్నాడు. ఆదివారం స్కూటీ మీద వెళ్ళాను. పాకలో గేదె పక్క నుంచి దూరి చూస్తే, తలుపు చెక్క మీద నిజంగానే ఐదు అక్షరాలున్నాయి. పెద్దవి, వంకరవి. ఇంగ్లీషు రాని పాతికేళ్ళ మనిషి రాసుకున్నవి. ఆఖరి గుండ్రం కింద కుడివైపుకి పొట్టి తోక స్పష్టంగా ఉంది.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది తోక కాదు," అన్నాడాయన. "తారు కారింది."

"తారు పక్కకి కారుతుందా అండీ?" అన్నాన్నేను.

"గాలొచ్చుంటుంది."

ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. ఆయన కూడా బోసినోటితో నవ్వాడు, కానీ ఒప్పుకోలేదు.

డెకాల్ వేసే ఖాళీ కాగితం ఆన్‌లైన్‌లో తెప్పించాను. దాని మీద అచ్చు వేయించడానికి రాజమండ్రిలో నాలుగు షాపులు తిరిగాను. ఒకాయన స్టిక్కరు కోసిస్తానన్నాడు. అది ఈ చిన్న విమానం మీద తారురోడ్డంత మందంగా కనిపిస్తుంది. ఇంకొకాయన కాగితాన్ని వాసన చూసి, "ఇది మా మెషీన్‌లో కరిగి అతుక్కుపోతే ఎవరండీ బాధ్యత?" అని తిరిగిచ్చేశాడు. ఆఖరికి అక్కడే కోటిపల్లి బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు నడిపే ఒకావిడ విషయమంతా విని, "మందు విమానమా! మా నాన్న చెప్పేవాడండి," అని, కాగితం తానే పెట్టి, అది అటు బయటికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి నిలబడింది. సున్నాతో ఒక వరస, తోకతో ఒక వరస, రెండూ వేయించుకుని వచ్చాను.

పళ్ళు బిగించే రోజు ఇద్దరూ వచ్చారు. పళ్ళు చక్కగా కుదిరాయి. ఆయన అద్దంలో చూసుకుని, వేరే ఎవరినో చూసినట్టు సిగ్గుపడ్డాడు. తర్వాత విమానాన్ని బల్ల మీద తిరగేసి పెట్టి, పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టాను. రెండు కాగితాలూ ముందుంచాను.

"ఏది వేద్దామండి?"

ఆయన రెండింటినీ దూరంగా పట్టుకుని చూశాడు. కొత్త పళ్ళతో మాట ఇంకా తడబడుతోంది.

"తోకదే వెయ్యండి."

"ఒప్పుకున్నట్టేనా మరి?" అంది భార్య.

"ఒప్పుకోలేదు. నాకది సున్నాయే. కానీ నేను ఆ చేలో నెల్లాళ్ళు పనిచేసి కూడా దాన్ని అంత తాపీగా చూళ్ళేదు. నువ్వు పడుకుని చూశావు. చూసినోళ్ళ మాటే ఉండాలి."

ఆవిడ ముఖం అటు తిప్పుకుంది. ఏం చెయ్యాలో తోచక నేను కాగితం నీళ్ళలో వేశాను. పొర వదులైంది. కుంచె ఆవిడ చేతికిచ్చాను. వద్దు వద్దంటూనే తీసుకుంది. ముగ్గు వేసిన చెయ్యి కదా, వణకలేదు. పొరని రెక్క మీదికి తోసి, వేలితో అద్ది, నేనిచ్చిన దూదితో తడి ఒత్తింది. అక్షరాలు ఒక వెంట్రుకవాసి వంకరగా కూర్చున్నాయి. ఇంకో విమానమైతే నేను తడిపి సరిచేసేదాన్నే.

ఆయన విమానాన్ని రెండు చేతులతో పైకెత్తి, తలెత్తి కిందినుంచి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను ఏదో ఫైలు వెతుకుతున్నట్టు పక్క గదిలోకి వెళ్ళాను.

దసరా వెళ్ళాక ఆవిడ ఫోన్ చేసింది. అప్పట్లో చేను ఆ చివర జెండా పట్టుకున్న మనిషి వాళ్ళ ఊళ్ళోనే ఉన్నాడట. మంచం మీంచి లేవలేడట. "ఒక్క పూట ఇస్తారేంటమ్మా? ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చేత్తాను." నా విమానాలు ఆ బీరువా దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. కానీ లేదనడానికి నోరు రాలేదు. చీరల అట్టపెట్టెలో దూది పరిచి పంపించాను.

మర్నాడు సాయంత్రం ఆవిడే తెచ్చింది. కూడా ఒక సంచిలో రెండు కొబ్బరికాయలు, పనసపొట్టు. నిలబడే ఉంది, కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒకటి ఊడిపోయిందమ్మా. ఆ మంచమ్మీదాయన చేతులు వణుకుతాయి. పట్టుకుంటానంటే కాదనలేకపోయాను. పక్కంతా దులిపాం, దొరకలేదు."

నాజిల్ ఒకటి లేదు. అంతే.

"ఆయన ఏమన్నారండి చూసి?" అని అడిగాను.

"ఇంకేమంటాడమ్మా. ఇరవై అంగలు, ఇరవై అంగలు అని నాలుగుసార్లు అన్నాడు. తర్వాత మా ఆయనా, ఆయనా ఇద్దరూ నవ్వుకుంటూనే ఉన్నారు. మజ్జిగ తాగమన్నా వినరు."

ఆ ఆదివారం ఇంకో సూది కొస తుంచి, ఊడినచోట అతికించి, రంగు తాకించాను. ఆవిడ మళ్ళీ క్లినిక్‌కి వచ్చినప్పుడు చూపిద్దామని విమానం బయటికి తీశాను గానీ, కొత్త నాజిల్ ఏదో నేనే గుర్తుపట్టలేకపోయాను.