పెట్టె చెప్పిన వేగం

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో, సుచిత్ర కూడలికి దగ్గరగా ఒక చిన్న గదిలో, ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేస్తూ, బాగుచేస్తూ నేను కాలం గడిపేవాణ్ణి. మేడ్చల్ దారిలో కొత్తగా వెలసిన ఒక పాఠశాలవారు తమ బస్సులకు వేగం చూపే పెట్టెలు అమర్చమని కోరారు. గంటకు నలభై కిలోమీటర్లు మీరితే పెట్టె అరవాలి. గేరుపెట్టె వద్ద ఇరుసు తిరుగుడును కనిపెట్టే సెన్సారు ఒకటి, డ్రైవరు ముందర మైక్రోకంట్రోలరు గల పెట్టె ఒకటి, ఆ రెంటి నడుమ బస్సు అడుగున సాగే ఒక తీగ, అంతే సామగ్రి.

ఆ సెన్సారు తనంతట వోల్టేజీ ఇచ్చేది కాదు. ఇరుసు తిరుగుతున్నకొద్దీ తీగను ఎర్తుకు తాకించడం, విడిచిపెట్టడం మాత్రమే దానికి తెలుసు. విడిచినప్పుడు ఆ తీగను మళ్లీ ఐదు వోల్టులకు లాగి నిలపడానికి ఒక రెసిస్టర్ మనమే అమర్చాలి. తీగలో వోల్టేజీ పడినప్పుడల్లా మైక్రోకంట్రోలరు ఒకటి లెక్కిస్తుంది. ఆ లెక్కే వేగం. నా గదిలో బల్ల మీద అది ఒక్కనాడూ తప్పలేదు.

మొదటి బస్సుకు పెట్టె అమర్చిన కొద్దిదినాలకే పాఠశాల కరస్పాండెంటు గారు కబురంపారు. శామీర్‌పేట వైపు పిల్లలను తెచ్చే డ్రైవరు నిత్యం వేగం మీరుతున్నాడని పెట్టె అరుస్తున్నదట. పిల్లలు ఆ సంగతి ఇండ్లలో చెప్పగా, తల్లిదండ్రులు గేటు దగ్గర నిలదీశారట. అతణ్ణి తొలగిస్తానని వారి ఎదుటనే ఆయన మాట ఇచ్చేశారు. పెట్టె సరిగానే ఉన్నదని నేనొక మాట అంటే, ఆ సాయంత్రం నుండి అతనికి కొలువు లేదు.

నేను వెళ్లేసరికి డ్రైవరు బస్సు పక్కన నిలబడి ఉన్నాడు. మచ్చబొల్లారం మనిషి, ఏండ్ల తరబడి లారీ నడిపి వచ్చినవాడు.

“నేను నలభై దాటలే సారూ, మైసమ్మ తోడు. గా డబ్బనే అబద్ధమాడుతాంది.”

“డబ్బాకి నీ మీద పగేంటయ్యా? అది మిషను” అన్నారు కరస్పాండెంటు గారు. కోస్తా నుండి వచ్చి స్థిరపడిన ఆయన మాట మెత్తనిదే కాని, నిర్ణయం గట్టిది.

బస్సు సొంత మీటరు ముల్లు ఏనాడో చచ్చిపోయింది. సాక్ష్యం నా పెట్టె ఒక్కటే. అందుచేత పిల్లలు లేని వేళ శామీర్‌పేట దాకా పోయి రావాలని నిశ్చయించాము. కరస్పాండెంటు గారు ముందు సీటులో కూర్చున్నారు. నేను అంకెల మీద చూపు నిలిపాను. వెనుక బస్సు ఆయా.

“హారను మాత్రం కొట్టకు. మీ డ్రైవర్లకు అది లేనిదే చెయ్యాడదు” అని ఆయన ముందే ఆంక్ష పెట్టారు.

ఇరవై ఐదు. ముప్పై. తిరిగి ఇరవై ఐదు.

“అన్నా, పీనుగుల బండి గూడ ఇంత మెల్లగ పోదే!” అన్నది ఆయా.

“ఊకో అక్కా. గీ దినం నా పీనుగే పోతాంది.”

శామీర్‌పేట చెరువు సమీపించగానే మైసమ్మ గద్దె కనబడింది. ఆ తల్లిని దాటే ప్రతి డ్రైవరూ ఒకమారు నిడుపాటి హారను మోగించిపోతాడు. స్టీరింగు పట్టిన చేతులు జోడింపరానివి గనుక, ఆ మోతే దండం. మా డ్రైవరు మాత్రం ఆనాడు ఒక చేయి ఎత్తి నుదుట తాకించి ఊరకున్నాడు. పెట్టె మౌనంగానే ఉంది.

శామీర్‌పేటలో బస్సు ఆగింది. కరస్పాండెంటు గారు నా వైపు తిరిగారు.

“చూశారా అండీ? నెమ్మదిగా తోలితే అరవలేదు. మరి మిగతా రోజులు ఎలా తోలినట్టు? పెట్టె బాగానే ఉందని అనేయండి, పనైపోతుంది.”

డ్రైవరు నా నోటివైపే చూస్తున్నాడు. తిరుగు దారి కూడా చూద్దామని మాత్రం అనగలిగాను.

“సరే” అని ఆయన డ్రైవరు వైపు తిరిగారు. “బడికి చేరగానే తాళాలు ఆఫీసులో ఇచ్చెయ్.”

“ఇస్త” అన్నాడతడు.

తిరిగి గద్దె దగ్గరకు వచ్చేసరికి బర్రెల మంద దారికడ్డంగా నడుస్తున్నది. బస్సు వాటి వెనుకనే పాకుతున్నది. “నౌకరే పాయె. తల్లికి చెప్పకుంట ఎట్ల పోత?” అంటూ డ్రైవరు హారను మీద అరచేయి మోపి ఉంచాడు.

పెట్టె కెవ్వుమన్నది. అంకెలు అరవై రెండు.

కరస్పాండెంటు గారు కిటికీలోంచి బర్రెను చూశారు. అది మాకన్నా ముందుగా పోతున్నది.

“దినాం గీడనే మొత్తుకుంటది!” అన్నది ఆయా.

“ఆపండి” అన్నాను. బస్సు నిలిచింది, సున్నా. “ఇప్పుడు కొట్టండి.” యాభై ఎనిమిది. చేయి తీయగానే మళ్లీ సున్నా.

హారను లోపలి పాయింట్లు మోగినంతసేపూ గబగబా కలిసి విడుతుంటాయి. విడిన ప్రతిసారీ ఒక విద్యుత్ కుదుపు పుడుతుంది. సెన్సారు తీగ హారను తీగతో ఒకే కట్టలో పోవడం వల్ల ఆ కుదుపులన్నీ దీనిలోకి దూకుతున్నాయి. నేను పెట్టిన రెసిస్టరు పట్టు బలహీనం. తీగలో వోల్టేజీ ప్రతి కుదుపుకూ పడుతున్నది. మైక్రోకంట్రోలరు దానిని ఇరుసు తిరుగుడనుకుని లెక్కించుకుంటున్నది.

పాఠశాలకు చేరి బస్సు కింద దూరాను. ఇంటిగంట మోగేలోగా ముగియాలి. కట్ట విప్పి, లోహపు అల్లిక తొడిగిన కొత్త తీగను హారనుకు ఎడంగా లాగి, అల్లికను పెట్టె వైపు మాత్రమే ఎర్తుకు కలిపాను. రెసిస్టరు మార్చి తీగను గట్టిగా పట్టించాను. కుదుపులను మింగడానికి చిన్న కెపాసిటరు చేర్చాను. డ్రైవరు హారను అదిమిపట్టాడు, సున్నా కదలలేదు. తరువాత దారిలోని కిలోమీటరు రాళ్ల నడుమ బస్సు నడిపి గడియారం పట్టి చూశాము. అంకె సరిపోయింది.

“పొరపాటైందిలే. సాయంత్రం ట్రిప్పు నువ్వే వెళ్లు” అని కరస్పాండెంటు గారు, డ్రైవరు అప్పజెప్పిన తాళాలు తిరిగి అతని ముందు చాపారు.

అతడు అందుకోలేదు.

“గేటు కాడ అందరి ముంగట నన్ను బద్‌నాం జేస్తిరి. గాళ్ల ముంగటనే చెప్పుండ్రి. గప్పుడు తీస్త బండి.”

ఆయన నా వైపు చూశారు, నన్ను చెప్పమన్నట్లు. “నేనూ వస్తాను. మాట మాత్రం తమరిదే కావాలి” అన్నాను.

గంట మోగింది. గేటు వద్ద తల్లులు నిలిచి ఉన్నారు. ఆయన గొంతు సవరించుకున్నారు. “తప్పు పెట్టెదండీ. డ్రైవరుది కాదు.”

“మరి మొన్న తీసేస్తనంటిరి?” అని ఒక తల్లి అడిగింది.

డ్రైవరు ఆయన చేతిలోని తాళాలు తీసుకుని బస్సెక్కాడు. “ఎక్కుండ్రి, జల్దీ ఎక్కుండ్రి” అని పిల్లలను కేకవేశాడు.