విభూతిలో సన్నని గీత

రైఫిల్ కాల్చేవాళ్ల చెంపకు బాగా దగ్గరగా ఉండే ఉక్కు ముక్కను రిసీవర్ అంటారు. దాని ముందువైపు గొట్టం బిగుస్తుంది. వెనకవైపు నుంచి బోల్ట్ జారుతూ వచ్చి తూటాను లోపల పెట్టి మూసేస్తుంది. తూటా పేలినప్పుడు ఆ ఒత్తిడినంతా పట్టి ఉంచాల్సింది రిసీవర్, బోల్ట్ ఈ రెండే. పట్టి ఉంచలేకపోతే ఏమవుతుందో ఒక పుస్తకంలో ఫొటోలున్నాయి. ఆ పేజీ నేను ఒక్కసారే తిప్పాను. కానీ ఆ ఏడు ఆకులు రాలే కాలమంతా అది నా కళ్లముందు నుంచి పోలేదు. ఎందుకంటే మేము తయారు చేయించబోతున్న రైఫిల్‌కి చెంప ఆనించబోయేది మా అమ్మాయి.

అమ్మాయికి ఈ వేట కాలేజీలో అంటుకుంది. రూమ్మేట్ కుటుంబం పెన్సిల్వేనియా కొండల్లో జింకల వేటకి వెళ్తూ తననూ తీసుకెళ్లేది. రెండు సీజన్లు వాళ్ల రైఫిల్‌తోనే గడిపింది. ఉద్యోగం వచ్చాక ఒకరోజు ఫోన్ చేసి అడిగింది.

"నాన్నా, నాకు ఓన్ రైఫిల్ కావాలి. షాప్‌లో కొత్తది కాదు. పాత బోల్ట్ యాక్షన్, అదే రిసీవరూ బోల్టూ, తీసుకుని దాని మీద బిల్డ్ చేయిస్తారు కదా, అలాంటిది. నువ్వు రీసెర్చ్ చేస్తావా?"

ఆ చివరి మాటతో నేను పడిపోయాను.

నేను ఇంజనీర్‌ని కాను. బి.కామ్ చదివి, మా ఆవిడ ఉద్యోగం వెంట డిపెండెంట్ వీసా మీద ఈ దేశం వచ్చాను. ప్లెయిన్స్‌బరోలోని అపార్ట్‌మెంట్‌లో ఉన్న ఆ తొలి ఏళ్లలో నాకు ఉద్యోగం చేసే హక్కు లేదు. నా పేరు మీద వచ్చిన మొదటి కార్డు లైబ్రరీ కార్డు. దాంతోనే కారు బ్రేకులు మార్చడం నేర్చుకున్నాను, టాక్స్ ఫారాలు నింపడం నేర్చుకున్నాను, కుళాయిలు విప్పి బిగించడం నేర్చుకున్నాను. పెన్సిల్వేనియాకి మారాక హార్డ్‌వేర్ దుకాణంలో ఉద్యోగం వచ్చింది కూడా ఆ చదువు వల్లే. కాబట్టి అమ్మాయి అడిగిన మర్నాడే లైబ్రరీకి వెళ్లాను. మా ఊళ్లో లేని పుస్తకాలు పక్క జిల్లాల నుంచి తెప్పించమన్నాను. కౌంటర్ దగ్గర ఉండే ఆవిడ నా పేరు చూడకుండానే పుస్తకాల కట్ట అందించే స్థితికి వచ్చింది.

ఎన్నో తెలుసుకున్నాను. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు తయారైన కొన్ని అమెరికన్ సైనిక రైఫిళ్లలో ఉక్కును కాచేవాళ్లు దాని రంగు చూసి, కంటితోనే వేడిని అంచనా కట్టేవారట. ఎండ కాసే రోజు ఒక రకంగా, మబ్బు పట్టిన రోజు ఒక రకంగా కనిపించేదట. అందుకే తొలి సీరియల్ నంబర్లున్న రిసీవర్లలో కొన్ని గాజులా పెళుసుగా తయారయ్యాయి. ఇది చదివిన రోజు నాకు చాలా గొప్పగా అనిపించింది. ఇంతటి విషయం తెలిశాక ఇక తప్పు ఎలా చేస్తాను అనుకున్నాను.

మా ఊరికి అరగంట దూరంలో ఒక ముసలాయన, ఇంటి వెనక గరాజ్‌లో తుపాకులు బాగుచేస్తూ, పాతవాటి మీద కొత్తవి కట్టి ఇస్తాడు. తెల్ల గడ్డం, తక్కువ మాట. ఆయన మూడు పాత రిసీవర్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఆ తొలి నంబర్ల అమెరికన్ రకమే. నంబర్ చూసి వెంటనే పక్కకు జరిపాను. ఆయన కనుబొమలు కొంచెం లేచాయి. మెచ్చుకున్నాడని అర్థం చేసుకున్నాను. రెండోది గరుకుగా ఉంది, పైన తుప్పు తిన్న చిన్న చిన్న గుంటలున్నాయి. మూడోది యూరప్‌లో సైన్యం కోసం చేసింది. అద్దంలా ఉంది. దాని మీదా, బోల్ట్ మీదా, చిన్న చిన్న భాగాల మీదా ఒకే నంబర్. అన్నీ కలిసి పుట్టినవి, ఎక్కడా మార్చలేదు. ఇలా నంబర్లు కలవడం ఎంత అరుదో ఒక పుస్తకం ఒక అధ్యాయమంతా చెప్పింది.

"నేనైతే ఆ గుంటలదే తీసుకుంటాను," అన్నాడు ఆయన. "అది పాతికేళ్లుగా నా చేతిలో ఉంది. దాని సంగతి నాకు తెలుసు."

"దీనికి నంబర్లన్నీ కలిశాయి," అన్నాను.

"నంబర్లు ఒత్తిడిని ఆపవు."

ఆయన ఏదైనా ఒక్కసారే చెప్తాడు. రెండోసారి చెప్పడు. పగుళ్లున్నాయేమో చూడటానికి మెషిన్ షాపుకి పంపించమంటారా, మూడు వారాలు పడుతుంది అని అడిగాడు. మూడు వారాలు అక్కడే పోతే సీజన్ మొదలయ్యేలోపు రైఫిల్ పూర్తి కాదు. నేను భూతద్దం బయటికి తీసి, పుస్తకంలో చెప్పిన చోట్లన్నీ ఆయన ముందే చూశాను. ఏమీ కనిపించలేదు. అవసరం లేదన్నాను.

"సరే, మీ మాటే," అన్నాడు.

ఆ మాట కారెక్కేవరకు బాగానే ఉంది. తరవాత గుచ్చుకోవడం మొదలుపెట్టింది. ఒక పరీక్ష జరగాల్సిన చోట నా మాట పెట్టి వచ్చాను.

కాగితాలన్నీ అయ్యాక, పాలిష్ నేనే చేసుకుంటానని దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. వంటింటి బల్ల మీద పెడితే మా ఆవిడ వచ్చి చూసింది.

"ఇదేనా? కుళాయి ముక్కలా ఉంది."

"నంబర్లు చూడు, అన్నీ కలిశాయి."

"ఓహో. జాతకాలు కలిశాయన్నమాట. మరి పిల్లవాడి గుణం ఎవరైనా కనుక్కున్నారా?"

"పుస్తకంలో ఉంది."

"మన పెళ్లికీ కలిశాయండీ," అని స్టౌ దగ్గరికి వెళ్లిపోయింది.

నవ్వాను గానీ ఆ రోజే పుస్తకం మళ్లీ తీశాను. నంబర్ల గురించిన అధ్యాయం ఎవరికోసం రాశారో అప్పుడు గమనించాను. పాత తుపాకులు సేకరించి అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్ల కోసం. కాల్చేవాళ్ల కోసం కాదు. ముందుమాటలో ఆ సంగతి స్పష్టంగానే ఉంది. నేను ముందుమాటలు వదిలేసి చదువుతాను.

అయినా ముసలాయనకు ఫోన్ చేయలేదు. భూతద్దంతో చూశాను కదా అనుకున్నాను. ఇసక కాగితంతో రుద్దుతూ, పల్చటి నూనె పూస్తూ, తుడుస్తూ కూర్చున్నాను. అమ్మాయి రోజూ ఫొటో పంపమనేది. పంపేవాడిని. "సో ప్రెటీ నాన్నా," అనేది. తను అలా అన్న ప్రతిసారీ నాకు ఆ పుస్తకంలోని ఫొటోలు గుర్తొచ్చేవి.

అంతలో దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధ పూజ అంటే ఆవిడ లాప్‌టాప్, కారు తాళాలు, నా స్పానర్ల పెట్టె, కూరగాయల కత్తి. ఆ ఏడు రిసీవర్‌ని కూడా పెట్టమంది.

"పిల్ల పట్టుకునేది కదండీ. దానికి చేయకుండా కూరగాయల కత్తికి చేస్తామా? కాకపోతే నూనె లేకుండా తుడవండి, పీట మీద కొత్త గుడ్డ వేశాను."

ముందురోజు పూసిన నూనెను పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి ఇచ్చాను. తడి పసుపు రాస్తే ఆ నున్నటి ఉక్కు మీద నిలవలేదు, జారిపోయింది. ఆవిడ విసుక్కుని, దాన్ని ఆరబెట్టి, పొడి విభూతి తీసుకుని గొట్టం బిగించే ముందుభాగం చుట్టూ తెల్లగా అద్దింది. కుంకుమ బొట్టు పెట్టింది. హారతి అయింది. పులిహోర తిన్నాం. సామాన్లు తీయడానికి నేనే వెళ్లాను.

తెల్లటి విభూతిలో ఒక గీత ఉంది. వెంట్రుకంత సన్నం, గోరంత పొడవు, నల్లగా. వెంట్రుకే అనుకుని ఊదాను. పోలేదు. వేలితో తుడిచాను. విభూతితో పాటు గీత కూడా పోయింది, కింద ఉక్కు మచ్చలేకుండా మెరిసింది. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నది నిమిషం కూడా కాదు.

పగుళ్లు పట్టుకునే పాత పద్ధతి ఒకటి నేను చదివి ఉన్నాను. వస్తువుకి పల్చటి నూనె పట్టించాలి, పైన పొడిగా తుడవాలి, సుద్దపొడి అద్ది వదిలేయాలి. పగులు ఉంటే, అందులో దూరిన నూనె మెల్లగా పైకి ఊరి సుద్దను తడుపుతుంది. ఆ పేజీలో గుర్తుగా కాగితం ముక్క కూడా పెట్టుకున్నాను. భూతద్దం ఉందని చేయలేదు. అదే పని మా ఆవిడ, ఆ సంగతి తెలియకుండా, పూజలో చేసేసింది.

ఆ పగలంతా నేను సరిగా లేను. నా ఇసక కాగితం గీసిన గీతే అయి ఉంటుందని ఒకసారి, పైపైది అయి ఉంటుందని ఒకసారి అనుకున్నాను. గొట్టం బిగిస్తే అది ఎలాగూ కనిపించదు కదా అని కూడా ఒకసారి అనుకున్నాను. ఆ ఆలోచన నాలోంచే వచ్చింది. దాన్ని చూసి నాకే భయమేసింది. గరాజ్‌లోకి వెళ్లి రిసీవర్‌ని కిరోసిన్‌లో కడిగి, మళ్లీ నూనె పట్టించి, గంటసేపు ఆగి, తుడిచి, విభూతి డబ్బా తెచ్చుకున్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడింది.

"మళ్లీ పూజా?"

"పగిలింది అనుకుంటున్నాను."

ఆవిడ వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుంది. ఇద్దరం ఆ తెల్లటి చుట్టు వైపే చూస్తూ ఉన్నాం. అదే చోట, అదే పొడవున గీత మెల్లగా పైకి తేలింది.

"అమ్మాయికి చెప్పండి," అంది.

ముందు ముసలాయన దగ్గరికి వెళ్లాను. విభూతి తుడవకుండానే ఒక డబ్బాలో పెట్టి తీసుకెళ్లాను. ఆయన దీపం దగ్గరికి జరుపుకుని చాలాసేపు చూశాడు. ఎప్పుడో ఎవరో పాత గొట్టం ఊడదీసేటప్పుడు బలంగా మెలిపెట్టి ఉంటారన్నాడు. ఇది తన కంటికీ కనిపించలేదని ఒప్పుకున్నాడు.

"కొన్నాళ్లు బాగానే పేలేది," అన్నాడు. "అదే భయం."

తరవాత వేలు తెల్లటి పొడి మీద పెట్టి చూశాడు.

"ఇదేం సుద్ద?"

"ఆవు పేడ కాల్చిన బూడిద. పూజకి వాడతాం."

ఆయన వేళ్ల మధ్య నలిపి చూసుకున్నాడు. "నా సుద్ద కంటే మెత్తగా ఉంది," అన్నాడు. 'ముందే చెప్పాను కదా' అని మాత్రం అనలేదు. అంటే బాగుండేదేమో.

అమ్మాయికి ఆయన గరాజ్ ముందు నిలబడే ఫోన్ చేశాను. ఇంటికి వెళ్తే వాయిదా వేస్తానని నాకు తెలుసు. మెషిన్ షాపుకి పంపనక్కర్లేదని నేనే చెప్పిన సంగతి కూడా దాచకుండా చెప్పాను.

"వెయిట్. అమ్మ పూజ చేయకపోతే, నేను దాంతోనే షూట్ చేసేదాన్నా?"

"అవును."

"నువ్వు అంత షూర్‌గా చెప్పావ్ నాన్నా. నేను డౌట్ కూడా పడలేదు."

"తెలుసు."

"ఓకే. ఈ ఇయర్ రూమ్మేట్ వాళ్లదే బారో చేసుకుంటా. నువ్వు మానేయకు. నెక్స్ట్ ఇయర్‌కి చేద్దాం. బట్ నువ్వు షూర్ అయినా సరే చెక్ చేయించు. ప్రామిస్?"

ప్రామిస్ అన్నాను.

లోపలికి వెళ్లేసరికి ఆయన గుంటల రిసీవర్‌ని బల్ల మీద పెట్టి ఉంచాడు. దీన్ని మెషిన్ షాపుకి పంపించమన్నాను. పంపుతానన్నాడు. దీని సంగతి మీకు తెలుసన్నారు కదా, అయినా పంపుతారా అని అడిగాను.

"మీ అమ్మాయి కదా కాల్చేది," అన్నాడు.

పంపేముందు మనమూ ఒకసారి చూద్దామా అన్నాను. ఆయన నూనె పట్టించి పక్కన పెట్టాడు. ఇద్దరం కాఫీ తాగాం. తరవాత పొడిగా తుడిచి నా వైపు చెయ్యి చాపాడు. డబ్బా అడుగున మిగిలిన విభూతి ఇచ్చాను. అద్దాడు. గుంటలన్నీ తెల్లగా నిండాయి. గోడ గడియారం వైపు ఒకసారి, ఉక్కు వైపు ఒకసారి చూస్తూ కూర్చున్నాను. ఎక్కడా గీత లేదు.

"ఏమీ లేదు," అన్నాడు ఆయన కాసేపటికి.

"ఇంకో పది నిమిషాలు ఆగుదాం," అన్నాను.

ఆయన లేచి నా కప్పులో మళ్లీ కాఫీ పోశాడు.