ఆట ఆగని ఫోను

పద్దెనిమిదేళ్ళు నిండేసరికి మెడ కింద వాడి మాట వినేవి రెండు బొటనవేళ్ళే. కండరాలు ఏడాదికేడాది కరిగిపోయే జబ్బు. చిన్నప్పుడు పరుగెత్తుతూ పడేవాడు, తర్వాత నడుస్తూ పడేవాడు, ఆ తర్వాత లేవడమే లేదు. అమ్మ ఇంటిపట్టున ఉండి వాణ్ణి చూసుకునేది. ఇల్లు నడిపేది అక్క. పెద్ద హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పని ఆమెది.

ఒళ్ళో దిండు, దాని మీద ఫోను, అటూ ఇటూ వాడి చేతులు. పొద్దస్తమానం ఆటే. నలుగురు జట్టుగా చేరి శత్రువులను కాల్చుకుంటూ పోయే ఆట. అందులో వాడు గోడలు దూకేవాడు. జట్టులో వాడి పేరు చిరుత. మంచం సంగతి వాళ్ళెవరికీ తెలియదు.

పాత ఫోను ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. అది కదిలేలోపు చిరుత చచ్చేవాడు. "నీవల్లే ఓడిపోతున్నాం, ఇంకెక్కడన్నా ఆడుకో పో" అని జట్టువాళ్ళు గెంటేశారు. ఆ రోజు వాడు అన్నం ముట్టలేదు.

అక్క ఫోన్ల షాపుకు వెళ్ళింది.

"దీంట్లో ఫోటోలు అదిరిపోతాయండీ" అన్నాడు సేల్స్‌మన్.

"ఫోటోలెవరిక్కావాలి బాబూ! ఆట ఆగకూడదు. అదొక్కటే చూడు."

"అయితే ఇది తీసుకోండి. గుర్రమే అనుకోండి."

తడి దుప్పట్లు ఎత్తే చేతికి ఆ ఫోను దూదిపింజలా తోచింది. మారు మాట్లాడకుండా కొనేసింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అమ్మ మేడ మీద బట్టలు ఆరేసి వచ్చేసరికి ఫోను ఒరిగి వాడి ఎడమ అరచేతి మీదికి జారి ఉంది. పెనంలా కాలుతోంది. ఆ బరువు కిందనుంచి చెయ్యి లాక్కోలేక, కుడి బొటనవేలితోనే ఆడుతున్నాడు. ఫోను తీస్తే కింద చర్మం బొబ్బలెక్కి ఉంది.

"నోరుంది కదరా, పిలవొచ్చుగా!" అమ్మ గొల్లుమంది.

"ఆట మధ్యలో ఉందమ్మా. పిలిస్తే ఆపేస్తావుగా."

అక్క మళ్ళీ షాపుకు వెళ్ళి బతిమాలింది. మార్చి ఇస్తామన్నారు. ఈసారి స్టూలు మీద కూర్చుని, ఒక్కో ఫోనులో ఆట పెట్టించి, అది వేడెక్కేదాకా ఆగి, చెంపకు ఆనించి చూసింది. చివరికి తేలికైనది, కాలనిది ఒకటి దొరికింది.

"ఆటలకి ఇది అంతంతమాత్రమేనండీ."

"ఆ మాత్రం చాలు."

దాంట్లో బొమ్మల నాణ్యత తగ్గించి ఆడాల్సి వచ్చింది. "గడ్డి సరిగ్గా కనబడట్లేదు కదరా" అంది అక్క. "గడ్డి మేస్తానా ఏంటి? మనుషులు కనబడితే చాలు" అన్నాడు. కొత్త జట్టు కూడా దొరికింది.

చలికాలంలో ఎడమ బొటనవేలు కదలడం మానేసింది. ఆటలో చిరుతను నడిపించేది అక్క, కాల్చేది వాడు అనుకున్నారు. పని నుంచి రాగానే పక్కన కూర్చునేది.

"ఎడమకి అక్కా, ఎడమకి! తినే చెయ్యి కాదే, రెండోది!"

ఇద్దరూ నవ్వుకున్న రోజులున్నాయి. ఒకరోజు మాత్రం వాడు పళ్ళు కొరుకుతూ, "నీవల్లే చచ్చాను. ప్రతిసారీ నీవల్లే చస్తున్నాను" అన్నాడు. వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. అక్క లేచి వసారాలోకి వెళ్ళింది. మర్నాడు వాడు ఫోను అడగలేదు. ఆమె తెచ్చి పెడితే, "వద్దులే అక్కా, నువ్వు పడుకో" అన్నాడు.

అప్పటినుంచి ఆమె లాండ్రీ మెట్ల మీద, భోజనం వేళ, తన ఫోనులో ఒక్కతే ఆడి నేర్చుకోసాగింది. తోటివాళ్ళు నవ్వారు. "పెళ్ళీడు దాటాక ఇదేం పిచ్చే?" అన్నారు. ఆమె తలెత్తలేదు.

వానలు మొదలయ్యాక వాడికి ఊపిరి ఆడటం కష్టమైంది. ఆసుపత్రిలో, ముక్కు మీద మాస్కుతో, "నువ్వాడు, చూస్తా" అన్నాడు. ఆమె ఆడింది. నేర్చుకున్నదంతా మరిచిపోయి, తుపాకుల మోతకు జడిసి, ఒక పాడుబడ్డ ఇంట్లో దూరి కూర్చుండిపోయింది.

"బయటికి రావే" అన్నాడు.

"అమ్మో, నేను రాను."

వాడి నవ్వుకు మాస్కు లోపలంతా ఆవిరి పట్టింది. ఆ మర్నాడే పోయాడు.

వాడు పోయాక కూడా అక్క రాత్రిళ్ళు ఆడుతూనే ఉంది. కొన్నాళ్ళకు అమ్మ, "ఆ ఆట తీసెయ్యవే. ఆ చప్పుడు వినలేను" అంది. అక్క అమ్మ ముందే కూర్చుని ఫోనులోంచి తీసేసింది. తర్వాత దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ లైటు ఆర్పకుండా ఆమె పక్కనే కూర్చుంది.