ఎనిమిది ట్యాంకర్ల నీళ్లు, అయిదు కేజీల సోడా

ధర్మవరంలో పట్టుచీరల అంగడి పెట్టుకున్న శ్రీరంగప్ప, ఊరి బయట కట్టించిన ఇంటి పెరట్లో ఈతకొలను కూడా కట్టించినాడు. ఎనిమిది ట్యాంకర్లు పోస్తే గానీ నిండదు. ఆంజినమ్మ దాన్ని తొట్టి అంటుంది. ముప్పై ఏండ్లు రంగుల షెడ్డులో పట్టునూలు ఉడకబెట్టిన మనిషికి నీళ్లు నిలబెట్టేది ఏదైనా తొట్టే. మోకాళ్లు అరిగిపోయి పొయ్యి ముందర నిలబడలేక ఆ పని మానేస్తే, శ్రీరంగప్ప భార్య సుజాత పిలిచి పెరటి పని అప్పజెప్పింది. ఆకులు తీయాల, మోటారు ఆడించాల, దినం మార్చి దినం క్లోరిన్ పొడి వేయాల. అంతే పని.

ఆ పొడి అంటేనే ఆంజినమ్మకు గిట్టదు. డబ్బా మూత తీస్తూనే కండ్ల నిండా నీళ్లు, గొంతులో మంట. ఆ ఏప్రిల్లో శ్రీరంగప్ప, సుజాత పెండ్లికని బెంగళూరు పోయి మూడు వారాలు ఆడనే ఉండిపోయినారు. మునిగేవాళ్లే లేనప్పుడు పొడి ఎవురికి అనుకుంది ఆంజినమ్మ. మోటారూ ఆడించలేదు. ఎండ దాని పని అది చేసుకుంటూ పోయింది. మొదట అంచుల్లో పసరు, ఆ మీదట గోడలకు జిగటగా నాచు, ఆఖరుకు అడుగు కనపడని పచ్చటి నీళ్లు.

"రేపు పొద్దున వస్తాండాము ఆంజినమ్మా, తొట్టి బాగుండాది కదా?" అని సుజాత ఫోను చేసింది.

"బంగారం మాదిరి ఉండాదమ్మా" అనేసి, ఆంజినమ్మ ముక్కుకు తువ్వాలు చుట్టుకుంది. పొడి రెండింతలు వేసింది. పొడుగు కర్ర బ్రష్షుతో గోడలన్నీ రుద్దింది. మోటారు ఆడించింది. సాయంత్రానికి పచ్చదనం పోయింది గానీ నీళ్లు మసకమసగ్గానే నిలిచినాయి. పచ్చి పట్టునూలు కూడా ఇట్లే మసగ్గా ఉంటుంది. సోడా వేసి ఉడకబెడితే జిగురంతా విడిచి మెరుస్తుంది. ఆ ఆలోచన రావడమే ఆలస్యం, అంగట్లో అయిదు కేజీల చాకలి సోడా తెచ్చి తొట్టిలో గుమ్మరించింది.

తెల్లారి చూస్తే తొట్టి నిండా బియ్యం కడిగిన నీళ్లే. బోరునీళ్లకు సోడా తగిలితే తెల్లగా తెట్టు కడుతుందని షెడ్డులో వెయ్యిసార్లు చూసిందే. కంగారులో గుర్తుకు రాలేదు.

కారు దిగుతూనే శ్రీరంగప్ప పెరట్లోకి వచ్చి నిలబడిపోయినాడు.

"ఇదేమి నీళ్లు? మేము బెంగళూరు పోయిన పొద్దు పోసింది ఎవురు?"

"తిప్పేషే కదా" అంది సుజాత.

"వాని బోరు చెడిపోయింటాది. సున్నపు నీళ్లు తెచ్చి పోసినాడు."

ట్యాంకరు నడిపే తిప్పేష్‌ను పిలిపించినారు. నలభై ఏండ్ల మనిషి, చెప్పులు గేటు దగ్గరే విడిచి లోపలికి వచ్చినాడు. తొట్టిని చూసి తల గోక్కున్నాడు.

"అన్నా, ఆ పొద్దు నీళ్లు తేటగా ఉన్న్యాయన్నా. ఆంజినమ్మక్క పక్కనే ఉండె. చెప్పక్కా నువ్వన్నా."

ఆంజినమ్మ బ్రష్షు కర్రను గోడకు ఆనించింది. "నేను యాడ చూసినానప్పా? తొట్టి నిండినాక కదా వచ్చింది నేను" అంది.

అబద్ధం అంత తేలికగా నోట్లోనుంచి జారిపోతుందని ఆమెకే తెలియదు. తిప్పేష్ కోప్పడలేదు. ఒకసారి ఆమె మొహంలోకి చూసినాడు, అంతే. వేసవిలో ఆమె వీధికి కొళాయి వారానికొకసారి వస్తే, ట్యాంకరు అడుగున మిగిలిన నీళ్లు ముసిలోళ్ల బిందెలకు పట్టిపోయే మనిషి ఆయనే.

"ఇంక ఈ గేటు తొక్కొద్దు" అన్నాడు శ్రీరంగప్ప. ఆ పొద్దే తనకు తెలిసిన రెండిండ్లకు ఫోను చేసి, తిప్పేష్ నీళ్లు తాకొద్దని కూడా చెప్పినాడు. తొట్టి నీళ్లన్నీ మోరీలోకి వదిలేసి వేరే ట్యాంకరుతో నింపిద్దామన్నాడు.

ఎనిమిది ట్యాంకర్లు మోరీలోకి! ఆంజినమ్మ ముందుకు వచ్చి, "అయ్యా, మూడు దినాలు ఓర్చుకోండి. పటిక వేసి చూస్తాను" అని బతిమాలింది.

రెండు కేజీల పటికను రోట్లో దంచి, బకెట్లలో కరగబెట్టి, తొట్టి చుట్టూ తిరుగుతా చల్లింది. నీళ్లు కదలకుండా మోటారు ఆపేసింది. మరుసటి దినానికి తెలుపంతా పెరుగు మాదిరి అడుగున పేరుకుంది. పైపు అడుగుకు దించి, ఆ మడ్డిని కొంచెం కొంచెంగా లాగి టెంకాయ చెట్ల పాదుల్లోకి వదిలింది. చెయ్యి విసురుగా కదిలితే మడ్డి మళ్లీ పైకి లేస్తుంది. మోకాళ్లు సలుపుతున్నా నెమ్మదిగానే లాగింది. నొప్పి ఎంత ఎక్కువైతే మనసు అంత తేలికపడుతుందేమో అని చూసింది. పడలేదు. తిప్పేష్ చూసిన చూపే నీళ్లల్లో కనపడతా ఉండె.

మూడో దినానికి అడుగున నీలం పలకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. సుజాత చేతులు చరిచింది. సరిగ్గా అప్పుడే తిప్పేష్ గేటు బయట నిలబడి పిలిచినాడు.

"అన్నా, మీ ఫోను విని రామాంజనేయులన్న, సుశీలమ్మ ఇద్దరూ నీళ్లు పోయొద్దని నన్ను నిలిపేసినారు. మీరొక మాట చెప్పల్ల."

"రాప్పా, వచ్చి చూడు" అన్నాడు శ్రీరంగప్ప, తిప్పేష్ చెప్పులు విడిచి లోపలికి వస్తాంటే. "నువ్వు పోసిన పెంటను ఆంజినమ్మ ఎట్ల తేట చేసిందో! ఈమె చేతిలో ఏమో మహిమ ఉండాది."

ఆంజినమ్మ చేతిలో పైపు కింద పెట్టింది.

"మహిమ కాదయ్యా, సోడా" అంది. "మీరు ఊర్లో లేనప్పుడు నేను పొడి వేయలేదు. నాచు పట్టింది. దాన్ని పోగొట్టబోయి సోడా వేసింది నేను. ఈయప్ప నీళ్లు తేటగానే ఉన్న్యాయి. నేను చూసినాను."

"మూడు దినాలు మా కండ్ల ఎదురుగానే తిరిగినావు కదే!" అంది సుజాత.

శ్రీరంగప్ప తిప్పేష్ వైపు తిరిగి, "సరేప్పా, ఇంక నీళ్లు నువ్వే పొయ్యి" అన్నాడు. ఆయన మటుకు అది ముగిసిపోయింది.

"ఆ రెండిండ్లకు ఎవురు చెప్తారన్నా?" అన్నాడు తిప్పేష్.

"ఫోను చేస్తాలే."

"నేను పోతాను" అంది ఆంజినమ్మ. తిప్పేష్ ఆమె వైపు చూడకుండానే చెప్పులు వేసుకుని పోయినాడు.

మొదట పోయిన ఇంట్లో రామాంజనేయులు అంతా విని నవ్వి, "ఇంతేనా, సరే రమ్మను" అన్నాడు. సుశీలమ్మ అంత సులభంగా వదల్లేదు. గేటు తీయకుండానే, సోడా ఎంత వేసినావు, ఎందుకు వేసినావు, ఆ పొద్దే ఎందుకు చెప్పల్యా అని పూసగుచ్చినట్టు అడిగింది. ఆంజినమ్మ ఎండలో నిలబడి అన్నీ చెప్పింది.

"మేము వేరేవానికి చెప్పేసినాము కదమ్మే. వాన్నెట్ల మాన్పించేది ఇప్పుడు?"

"మాన్పించమని అడిగే మొహం నాకు లేదమ్మా. తిప్పేష్ నీళ్లల్లో తప్పు లేదని మీ వీధిలో చెప్పండి, అది చాలు. తప్పెవురిదని అడిగితే నా పేరు చెప్పండి."

"నీ పేరేమి?"

"ఆంజినమ్మ. రంగుల షెడ్డు ఆంజినమ్మ."

లోపలికి సరిగ్గా వినపడినట్టు లేదు. గేటు కమ్ములు పట్టుకుని, ఇంకోసారి గట్టిగా చెప్పింది.